గంజు ఉన్న బండికే దారి

దారి మూయించింది ఊర్మిల. ఆ దారిలో ఇరుక్కుపోయింది కూడా ఊర్మిలే.

చందుర్తి చౌరస్తాలో ట్రాలీ ఆటోకి అడ్డంగా పోచవ్వ నిలబడింది. చేతిలో బారెడు గంటె. ఆమె వెనక తారురోడ్డు మీద రాళ్ల పొయ్యిలు మండుతున్నాయి. ఉల్లిగడ్డలు కోసేవాళ్లు, బియ్యం కడిగేవాళ్లు, నినాదాలు ఇచ్చేవాళ్లు. రోడ్డు పొడవునా లారీలు, బస్సులు. వంటావార్పు జోరుమీదుంది.

"పోచవ్వత్తా, నేను! సిరిసిల్ల ఊర్మిలను."

"గుర్తువట్టిన తియ్. నా కండ్లేం పోలే. దిగు, ఇంత తిందువుగాని."

"తినుటానికి రాలేదత్తా. మూడు గంటలకల్లా జగిత్యాలల ఉండాలె. జర తొవ్వ ఇడువు."

"ఎట్లిడుస్తనే? గా దినం మైకు పట్టుకొని నువ్వే అంటివి గదా. 'నాలుగు గొట్టేదాక ఒక్క బండిని వదలద్దు, ఆఖరికి నేనొచ్చినా వదలద్దు' అన్నవా, లేదా?"

అన్న మాట నిజం. ఆ మాటకి చప్పట్లు కూడా గట్టిగా పడ్డాయి.

అది 2012 వేసవి. తెలంగాణ కోసం ఊరూరా రోడ్లెక్కుతున్న కాలం. ఎండలు మండిపోతుంటే కరెంటు పూటకోసారి మొహం చూపించి పోయేది. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతే మగవాళ్లు అరుగులెక్కేవాళ్లు. ఆ సాంచెలకి నూలు కండెలు చుట్టి ఇచ్చే ఆడవాళ్లు మిషన్ల ముందు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చునేవాళ్లు. ఊర్మిల వాళ్ల గల్లీలో మాత్రం కండెల మిషన్లు ఆగలేదు. కారణం వహీదాబీ ఇంటి కప్పు.

గల్లీ మొత్తంలో స్లాబు ఇల్లు వహీదాబీ ఒక్కామెదే. మిగతావన్నీ పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు. ఆమె కొడుకు ఖుర్షీద్ మోటార్లకి వైండింగ్ చేసే మెకానిక్. పాత సెల్ టవర్ నుంచి తీసేసిన సోలార్ ప్లేట్లు ఎక్కడో పట్టుకొచ్చాడు. వాటిని తల్లి ఇంటికి మాత్రమే బిగించుకుందామనుకున్నాడు. ఊర్మిల ఊరుకోలేదు. "గంత ఎండ మీ ఒక్కింటికేనా? మేమంత తలా ఇంత ఏసుకుంటం, అందరికీ వైర్లు గుంజు" అంది. వహీదాబీ సరేనంది. గల్లీ అంతా వైర్లు పాకాయి.

ఒకరోజు కరెంటువాళ్లు వచ్చారు. తలలెత్తి వైర్లను చూశారు. లైసెన్సు లేకుండా రోడ్డు దాటించి పక్కిళ్లకి కరెంటు ఇవ్వడం నేరమన్నారు. కప్పు ఎవరిదో కనుక్కున్నారు. నోటీసు వహీదాబీ పేరు మీద అంటించి వెళ్లారు. గురువారం పొద్దున వైర్లు పీకేస్తారు, ఆపైన కేసు పెడతారు.

ఇరికించింది తను, ఇరుక్కున్నది వహీదా ఖాలా. ఊర్మిలకి ఆ రోజు నుంచి ముద్ద దిగలేదు.

వైర్లు పీకినా కేసు తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. సోలార్ మీద రాష్ట్రం కొత్త చట్టం తెస్తోంది. ముసాయిదాలో 'ప్లేట్లు ఏ ప్రహరీలో ఉంటే కరెంటు ఆ ప్రహరీలోనే వాడుకోవాలి' అని ఒక క్లాజు ఉంది. జనం అభిప్రాయం వినడానికి ఒక కమిటీ జిల్లాలు తిరుగుతోంది. ఆ క్లాజు మార్పించగలిగితే గల్లీ గట్టెక్కుతుంది. ఆఖరి విచారణ జగిత్యాలలో శుక్రవారమని ముందు చెప్పారు. ఈ పొద్దున ఫోన్ వచ్చింది. శుక్రవారం కాదట, ఇవాళేనట, బుధవారం. సాయంత్రమే నివేదిక అచ్చుకి వెళ్లిపోతుందట.

బుధవారం చందుర్తి నుంచి జగిత్యాల దాకా రోడ్డంతా వంటావార్పు పెట్టాలని ఊరూరూ తిరిగి చెప్పొచ్చింది మహిళా జేఏసీ ఊర్మిల.

ట్రాలీ వెనక కూర్చున్న వహీదాబీ తల బయటపెట్టింది. ఆమె పక్కన కమిటీకి చూపించడానికి తెచ్చిన ఒక సోలార్ ప్లేటు, బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టె, కండెల మిషన్ ఉన్నాయి.

"ఏమయింది బేటీ? పోనిస్తలేరా?"

"పోనియ్యరు ఖాలా. నా మాట మీద నిలబడ్డరు."

హ్యాండిల్ దగ్గర ఖుర్షీద్ నవ్వాపుకోలేకపోయాడు. "అక్కా, ఇగ నుంచి మైకు పట్టుకుంటే జర నిమ్మళంగ మాట్లాడు."

"నవ్వకురా. అత్తా, ఎవలెవల్ని వదలాలన్న చెప్పు? రోగమొచ్చినోళ్లను వదలమన్న గదా?"

"అన్నవ్. నువ్వు దుక్కలెక్కున్నవ్."

"పరీక్ష పిల్లలను వదలమన్న."

"నీకేం పరీక్షనే గీ వయసుల?"

"ఇంకా?"

"ఇంకేమున్నది, వంట సామాను తెచ్చే బండిని..." పోచవ్వ ఆగింది. చేతిలో గంటె వైపు చూసింది. పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న గుండిగంత పప్పుచారు గంజు వైపు చూసింది. మొహం నిండా నవ్వు పరుచుకుంది. "ఓ గౌరవ్వా! కోరుట్లోళ్లు పప్పు చాలలేదని ఫోన్ జేసిండ్రు గదా పొద్దుగాల?"

"చేసిండ్రు. మనకున్న బండ్లన్ని అడ్డం పెడితిమి, ఎట్ల పంపుదుమని ఊకున్నం."

"గిదిగో బండి. ఎత్తుండ్రి గంజు!"

నలుగురు ఆడవాళ్లు తడిగుడ్డలు పట్టి గంజు ఎత్తారు. ట్రాలీ కుయ్యిమంది. వహీదాబీ కాళ్లు ముడుచుకుని గంజుని రెండు చేతులా పట్టుకుంది. మూత దొరకలేదు. ఖుర్షీద్ అటూ ఇటూ చూసి సోలార్ ప్లేటుని గంజు మీదికి వంచి పెట్టబోయాడు.

"అరే బద్మాష్, సాంబార్ల ముంచుతవారా దాన్ని?" వహీదాబీ అతని చేతి మీద ఒక్కటిచ్చింది. తన దుప్పటా తీసి గంజు మూతికి కట్టింది.

"సోలార్ పప్పు!" అంది గౌరవ్వ. అందరూ విరగబడి నవ్వారు. రోడ్డుకి అడ్డంగా కట్టిన తాడు పక్కకి జరిగింది. బండి కదిలింది.

ఆ తర్వాత ప్రతి ఊరి దగ్గరా ఒకటే తంతు. తాడు అడ్డం. ఎవరో ఒకరు బండిలోకి తొంగిచూడటం. వహీదాబీ దుప్పటా అంచు ఎత్తడం. ఇంగువ పోపు వాసన గుప్పున కొట్టడం. "పోనీండ్రి, పోనీండ్రి, పప్పు బండి!" రుద్రంగిలో ఒకాయన రుచి చూసి ఉప్పు తక్కువైందన్నాడు. ఉప్పు వేసి మరీ పంపించాడు.

ఒంటిగంట దాటాక కోరుట్ల వచ్చింది.

అక్కడ జాతీయ రహదారే వంటిల్లయింది. షామియానాలు, స్టేజీ, మైకు, బంతుల్లో కూర్చున్న జనం. ఇక్కడ పెత్తనమంతా నారాయణది. పేరున్న పెళ్లిళ్ల వంటవాడు, ఉద్యమం మొదలయ్యాక రోడ్ల మీద వంటవాడు. గంజు చూడగానే ఎదురొచ్చాడు.

"అచ్చింది! పప్పు అచ్చింది! దింపుండ్రి!"

గంజు దింపారు. ఖుర్షీద్ బండి ముందుకి దూకించబోయాడు. నారాయణ ఎదురుగా నిలబడి బండి మీద చెయ్యేశాడు.

"యాడికి?"

"జగిత్యాలకు."

"గంజు దిగినంక గిది మామూలు బండే తమ్మీ. పక్కకు పెట్టు."

"అన్నా, ఈమె ఊర్మిలక్క!"

"తెలుసు. నాలుగు దాక అక్కనైనా వదలద్దన్నది గా అక్కనే గదా."

ఊర్మిల రెండు చేతులా తల పట్టుకుంది. టైము చూసుకుంది. కూర్చుని ఏడవడం ఆమెకి చేతకాదు. కొంగు బిగించి గంటె అందుకుంది. బంతి వెంబడి వడ్డన మొదలుపెట్టింది.

షామియానా చివర నీడలో తెల్ల జీపు ఒకటి పొద్దుటి నుంచీ ఆగి ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఇస్త్రీ చొక్కా మనిషి నీరసంగా కూర్చున్నాడు. అతని పేరు దేవదాస్. నిన్న నిజామాబాద్‌లో విచారణ ముగించి, ఇవాళ జగిత్యాల వెళుతూ ఇక్కడ ఆగిపోయాడు. ఊర్మిల ఏ కమిటీ ముందు నిలబడాలని పరుగులు తీస్తోందో ఆ కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆమెకి ఆ సంగతి తెలియదు.

"సారూ, ఇట్ల రాండ్రి. బంతిల కూసోండ్రి."

"వద్దమ్మా, ఫరవాలేదు."

"వద్దంటే ఎట్ల? ఆంధ్ర సారు తీరున్నరు. మా పప్పుల విషమేం ఉండది. జీపును ఆపినం గని కడుపును ఆపలే."

దేవదాస్ నవ్వేశాడు. వచ్చి నేల మీద కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక మూడో ముద్దకి చెయ్యి తనంతట తనే వేగం పెంచింది.

అప్పుడే కరెంటు పోయింది. స్టేజీ మీద పాడుతున్న పిల్లగాడి గొంతు మైకులోంచి మాయమై ఈగలా వినిపించింది. జనం గోల పెట్టారు. నారాయణ నెత్తి కొట్టుకున్నాడు. ఖుర్షీద్ మాత్రం ఎవరూ చెప్పకుండానే ట్రాలీ మీదికెక్కి ప్లేటుని ఎండకి తిప్పాడు. వైర్లు స్టేజీ దాకా లాగి ఇన్వర్టర్ బటన్ నొక్కాడు. మైకు గరగరమని దగ్గి, పాట అందుకుంది. ఈలలు, చప్పట్లు.

దేవదాస్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆ ప్లేటు ఎవరిదమ్మా?"

"మా గల్లీది సారూ."

"గల్లీది అంటే? ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి కదా."

"అందరిది సారూ. కప్పు మా ఖాలాది, ఎండ దేవునిది, కండెలు మావి." ఊర్మిల గంటె ఊపుతూ అందుకుంది. "గట్ల ఉండొద్దంటున్నరు సారూ. హైదరాబాద్‌ల కూసున్న కమిటోడెవడో రాసిండట, ఎవల గోడ లోపటి కరెంటు ఆళ్లే వాడుకోవాల్నని. గా రాసినోడు ఎన్నడన్న పెంకుటిండ్ల గల్లీ చూసిండా? పెంకల మీద ప్లేట్లు పెడితే ఇల్లే కూలుతది. స్లాబు ఉన్నోనికే సూర్యుడు, మాకు చీకటా? ఆనికి బంగ్ల ఉన్నది, బంగ్లకు గోడ ఉన్నది, అందరికీ ఉంటదనుకున్నడు. ఇంకింత పప్పు పోయాల్నా?"

"పొయ్యండి," అన్నాడు దేవదాస్ చిన్నగా. "ఆ రాసినవాణ్ని నేనే."

గంటె గాల్లో ఆగింది. పప్పుచారు ధార ఆయన చొక్కా మీద పడింది.

"అయ్యో! సారూ!"

"చొక్కాకేం గానీ, ఒక్క మాట చెప్పండి. మబ్బు పడితే కరెంటు తగ్గుతుంది. అప్పుడు ఎవరి మిషన్ ఆపుతారు? కొట్టుకోరూ? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరక్కే అలా రాశాం. వరంగల్‌లో అడిగాను, నిజామాబాద్‌లో అడిగాను, ఎవరూ చెప్పలేదు."

ఊర్మిల వెనక్కి తిరిగి కేకేసింది. "ఖాలా! మబ్బు పడితే ఏం జేస్తవో గీ సారుకు చెప్పు."

వహీదాబీ వచ్చింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఏం జేస్త? ముందుగల్ల నా ఫంకా బంద్ చేస్త."

"మీ ఇంటి మీద ప్లేట్లు, ముందు మీ ఫ్యానే ఆపుతారా?"

"మరి? బటన్లన్ని మా మెట్ల కాడనే ఉన్నయి సాబ్. నాది ఆపకుంట మందిది ఆపితే నా మాట ఎవలు వింటరు? నాది ఆపినంక బల్బులు ఆపుత. ఆటెనుక కండెలు అర్జెంటు లేనోళ్ల మిషన్లు. ఎవలకు అర్జెంటో పొద్దుగాలనే కేకేసి చెప్తరు. అబద్ధమాడితే రేపటికి తెలుస్తది, సాంచె కాడ కండెలు లెక్కనే చెప్తయి."

"తగవులు రావా?"

"వస్తయి. తిట్టుకుంటం. చాయ్ తాగుతం."

దేవదాస్ బంతి వైపు చూశాడు. అందరూ తింటున్నారు. నారాయణ తినలేదు. పొయ్యిల దగ్గర ఆడవాళ్లు తినలేదు. ఊర్మిల కూడా ఇంకా తినలేదు.

"మీరు తినరా అమ్మా?"

"వండినోళ్లు, పెట్టినోళ్లు ఆఖర్న సారూ. లేకుంటే గంజుల ఎంత మిగిలిందో మాకు తెల్వకుంట పోతది గదా."

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. "ఈ మాటలు రికార్డు కావాలి. నేను ఇక్కడ విన్నాను, సరే. కానీ జగిత్యాల హాల్లో మూడింటికి మిగతా సభ్యుల ముందు మీరిద్దరూ చెప్పాలి. నేను లేకుండా సభ జరగదు. జరక్కపోతే ముసాయిదా ఉన్నదున్నట్టే సాయంత్రం అచ్చుకి పోతుంది."

రెండు కావస్తోంది. నారాయణ అంతా విన్నాడు. ఊర్మిల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, నువ్వు ఊ అను. గిప్పుడే ఎత్తేస్తం. నీ మాటతోని మూసినం, నీ మాటతోనే తెరుస్తం."

ఊర్మిల వహీదాబీ మొహం చూసింది. రేపు పొద్దున ఆ మనిషి ఇంటి ముందు కరెంటువాళ్లు నిచ్చెన వేస్తారు. ఊ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"అనకు బేటీ," అంది వహీదాబీ. "తొవ్వపొంటి ఎంతమంది ఆడోళ్లు ఎండల కూసున్నరో చూసినం. నీ మాట మీదనే కూసున్నరు. నా ఒక్కదాని కోసం లేపితే, రేపు మళ్లొకపారి పిలిస్తే ఎవలొస్తరు?"

"మరి నీ కేసో?"

"కేసుది తరువాత. నారాయణా, జగిత్యాల కాడ బువ్వ సరిపోయిందా? జర ఫోన్ చెయ్యి."

నారాయణకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత కళ్లు మెరిశాయి. ఫోన్ కొట్టాడు. "ఆఁ... కాలేజీ పిల్లలు గిట్ల చానమంది వచ్చిండ్రా? పప్పున్నదా? బువ్వ?... ఒడిసిందా!" ఫోన్ జేబులో వేసుకుని అరిచాడు. "జగిత్యాలల బువ్వ ఒడిసింది! బువ్వ గంజు ఎత్తుండ్రి!"

ట్రాలీ మీదికి అన్నం గంజు ఎక్కింది. పప్పు గంజుకి రెండింతలుంది. ప్లేటు, బ్యాటరీ, మిషన్ పక్కకి సర్దారు. ఊర్మిల, వహీదాబీ ఎక్కారు. దేవదాస్ తన జీపు వైపు అడుగేశాడు.

"సారూ, జీపు రాదు," అన్నాడు నారాయణ. "గంజు ఉన్న బండికే దారి."

"మరి నేను?"

"గంజుకు అటుదిక్కు పట్టుకునేటోడు కావాలె. ఎక్కుండ్రి."

రాష్ట్ర స్థాయి కమిటీ అధ్యక్షుడు ట్రాలీ ఆటో వెనక కూర్చుని, వేడి వేడి అన్నం గంజుని రెండు చేతులా వాటేసుకుని జగిత్యాలకి బయల్దేరాడు. గుంత వచ్చినప్పుడల్లా వహీదాబీ "పట్టుకోండ్రి సాబ్, పట్టుకోండ్రి!" అని అరుస్తోంది. ఆయన కళ్లద్దాల మీద ఆవిరి కమ్మింది. మధ్యలో తాడు దగ్గర ఒక పెద్దమనిషి తొంగిచూశాడు.

"గీ సారెవలు?"

"బువ్వ సారు," అంది ఊర్మిల.

"జై తెలంగాణ, బువ్వ సారూ!"

దేవదాస్ చేతులు ఖాళీ లేక తల ఊపాడు. తాడు దిగింది.

జగిత్యాల పొలిమేరలో పిల్లలు బండికి ఎదురు పరుగెత్తుకొచ్చారు. గంజు దింపుకున్నారు. అక్కడి నుంచి హాలు నడిచిపోయేంత దూరం. ఖుర్షీద్ ప్లేటు నెత్తిన పెట్టుకున్నాడు. ఊర్మిల మిషన్ చంకనెత్తుకుంది. దేవదాస్ బ్యాటరీ మోశాడు. మూడు కొడుతుండగా గుమ్మంలో అడుగుపెట్టారు.

లోపల సభ్యులు తమ అధ్యక్షుణ్ని చూసి లేచి నిలబడ్డారు. చొక్కా మీద పప్పుచారు, మోచేతులకి మసి, జుట్టులో మెతుకులు.

"ఏమైంది సార్? దాడి జరిగిందా?"

"భోజనం జరిగింది," అన్నాడు దేవదాస్. "కూర్చోండి. మొదటి సాక్షి వహీదాబీ గారు."

వహీదాబీ ఫంకా కథ మళ్లీ చెప్పింది. ఊర్మిల పెంకుటిళ్ల కథ మళ్లీ చెప్పింది, ఈసారి 'హైదరాబాద్‌ల కూసున్నోడు' అన్న ముక్క మింగేసి. దేవదాసే గుర్తుచేశాడు. "ఆ మాట కూడా చెప్పండమ్మా. రికార్డులో ఉండాలి." ఖుర్షీద్ కిటికీ దగ్గర ప్లేటు పెట్టి మిషన్ తిప్పి చూపించాడు. ఒక సభ్యుడు కండె చుట్టబోయి నూలు వేలికి చుట్టుకున్నాడు.

సాయంత్రానికి క్లాజు మారింది. ప్రహరీ అన్న మాట పోయింది. ఒకరి కప్పు మీది కరెంటుని ఆ గల్లీవాళ్లు కలిసి పంచుకోవచ్చు, వాటాలు వాళ్లే తేల్చుకోవాలి, కప్పు ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదు. దేవదాస్ కింద ఇంకొకటి చేర్పించాడు. చట్టం తేలేదాకా ఇప్పటికే ఉన్న వైర్ల జోలికి ఎవరూ పోకూడదు. కరెంటువాళ్లకి ఆ రాత్రే కబురు వెళ్లింది.

నాలుగు దాటి చాలాసేపయింది. రోడ్లు తెరుచుకున్నాయి. హాలు మెట్ల మీద కూర్చుని ఊర్మిల ఆ రోజు మొదటి ముద్ద తింది. అన్నం కోరుట్లది, పప్పు జగిత్యాలది. చాలా రోజుల తర్వాత ముద్ద తేలిగ్గా దిగింది.

"ఎట్లున్నది?" అడిగింది వహీదాబీ.

"ఉప్పు తక్కువైంది ఖాలా."

"రుద్రంగికి తోల్కపోదాం తియ్."

తర్వాత ఆ చట్టం అసెంబ్లీ దాకా వెళ్లింది. అక్కడ రోజూ తెలంగాణ నినాదాలే, రోజూ వాయిదాలే. అది ఎప్పటికి చర్చకి వస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. చట్టం తేలేదాకా వైర్లు ముట్టుకోవద్దన్నారు గనక, ఎవరూ ముట్టుకోనూ లేదు. ఈ సంగతి మీద పోచవ్వ సిరిసిల్ల వచ్చినప్పుడల్లా ఊర్మిలని ఏడిపించేది. "ఇంకొన్నొద్దులు రోడ్లు మూద్దామా పిల్లా? మీ గల్లీకి మంచిగనే కలిసొస్తున్నది!"

ఆ మాట అంటుండగానే ఒకరోజు సూర్యుడి మీదికి మబ్బొచ్చింది. వహీదాబీ ఇంట్లో ఫంకా మెల్లగా తగ్గి ఆగింది. గల్లీలో కండెల మిషన్లు ఆగలేదు.

"ఎవలకే అర్జెంటు?" మెట్ల దగ్గర నుంచి కేక వినిపించింది.

"నాకే ఖాలా!" అని గల్లీ అంతా ఒకేసారి అరిచింది.